గాజు తాయెత్తులు

చదివేవారందరికీ నమస్కారం. నాకు అక్షరాలు పెద్దతనంలో వచ్చాయి. ఒత్తు ఉండాల్సిన చోట లేకపోయినా, దీర్ఘం తప్పినా కోప్పడకండి. నా రాత నెమ్మది. ఒక్క కాగితం నిండేసరికి పొద్దు వాలుతుంది. ఈ కథలో వీరాస్వామి మనసులో అనుకున్న మాటలు నాకెలా తెలుసని అడుగుతారేమో. అవన్నీ తర్వాత అతనే చెప్పాడు, పడవ ఎక్కినవాళ్ళందరికీ వినిపించేలా చెప్పాడు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తల్లో సంగతి. కొల్లేటి నడుమ ఒక లంకలో వీరాస్వామి అనే పడవవాడు ఉండేవాడు. నీళ్ళున్నన్నాళ్ళూ ఆ లంకకు అతనే దారి. పెళ్ళివారు రావాలన్నా, ఉప్పూ కిరసనాయిలూ రావాలన్నా, ఏలూరు నుంచి టీకాలు వేసే నర్సమ్మ సత్యవాణి గారు రావాలన్నా అతని పడవ ఎక్కాల్సిందే. పడవలో ఎంత పెద్ద ఉద్యోగైనా అతను కూర్చోమన్న చోటే కూర్చోవాలి. ఆ మాట చెప్పుకోవడమంటే వీరాస్వామికి మహా ఇష్టం.

ఎండాకాలంలో కొల్లేరు వెనక్కి పోయేది. పడవ నడిచిన దారంతా నల్లమట్టి, పలకలు పలకలుగా పగిలి గట్టిపడేది. లంక వెనక కాలవలో తప్ప ఎక్కడా గుండెలోతు నీళ్ళుండేవి కావు. అప్పుడు పడవను తాటాకు పాక కింద బోర్లించి, వీరాస్వామి తన దున్నపోతుల జతతో పొలం పనులకు పోయేవాడు. సత్యవాణి గారు ఆ నెలల్లో లంకకు వచ్చేవారు కాదు.

ఆ ఏడు మాత్రం వచ్చారు. జీపులో వచ్చారు.

భీమడోలు మీదుగా గుండుగొలను దాటి, ఎండిన కొల్లేటి అడుగున దుమ్ము లేపుకుంటూ జీపు లంక మెరక ఎక్కింది. లంకంతా దాని చుట్టూ మూగింది. డ్రైవరు పాపారావుది తాడేపల్లిగూడెం. ఖాకీ చొక్కా, ఖాకీ టోపీ. అన్నం తినేటప్పుడు కూడా ఆ టోపీ తియ్యడు. నోరు మాత్రం మహా మెత్తన. చంటిపిల్లాణ్ణి కూడా "పక్కకి రండి బాబూ" అంటాడు.

వీరాస్వామి భార్య గంగారత్నం. ఏ ఇంట్లో పసిబిడ్డ ఉందో, ఏ కోడలు నీళ్ళోసుకుందో లంకలో ఆమెకు తెలియనిది లేదు. అందుకని సత్యవాణి గారు ఆమెను ఆయాగా పెట్టుకున్నారు. చుట్టుపక్కల లంకలన్నిటికీ జీపులో వెంట తీసుకుపోయేవారు. నర్సమ్మ ముందు సీట్లో, గంగారత్నం వెనకాల మందుల పెట్టె పక్కన.

మొదట్లో వీరాస్వామి గర్వపడ్డాడు. ఆ గర్వం ఎప్పుడు ఎటు పోయిందో అతనికే తెలియదు. ఒక సాయంత్రం అన్నం వడ్డిస్తూ ఆమె అంది.

"మావా, జీపుకి పెట్రోలు దానంతటది రాదంట. కరెంటుతో తిరిగే పంపొకటుందంట, అది లాగితేనే వస్తదంట."

"ఎవరు చెప్పారు?"

"పాపారావు గారు."

"గారా?"

"ఆయన నన్ను గంగారత్నమ్మ గారూ అంటాడు. నేను ఒరే అనమంటావా?"

వీరాస్వామి చేతిలో ముద్దను కంచంలో పడేశాడు. పెళ్ళయిన నాటి నుంచి అతను ఆమెను "ఒసే", "ఏమే" అనే పిలిచాడు. లంకలో ఎవరు ఎవరి భార్యను గారూ అన్నారు? ఆ ఒక్క మాట చేపముల్లులా గొంతులో అడ్డం పడింది. ఆమె నవ్వినా, తలదువ్వుకున్నా, చీర ఉతుక్కున్నా అదే గుచ్చుకునేది. ఆమె దగ్గర పెట్రోలు వాసన వచ్చేది. ఇన్నేళ్ళూ ఆ చీరకు తన వలల వాసనే ఉండేది కదా అనుకునేవాడు. గేరు, బ్రేకు, స్టార్టు అని ఆమె అంటుంటే తనకు తెలియని ఊరి పేర్లు చెబుతున్నట్టుండేది.

"నా పడవ గురించి ఎప్పుడైనా ఇంత చెప్పావా ఎవరికైనా?" అని అడిగాడొకసారి.

"పడవ గురించి చెప్పటానికి నువ్వున్నావుగా. ఇంకోళ్ళకి సందేది?" అందామె నవ్వుతూ.

ఒక మధ్యాహ్నం గంగారత్నం అరుగు మీద కునుకు తీస్తోంది. నడుముకు దోపుకున్న వక్కల తిత్తి జారి పక్కన పడింది. వక్కముక్క కోసం వీరాస్వామి దాని మూతి విప్పాడు. వక్కల కింద దూదిపింజ తగిలింది. దూది విడదీస్తే రెండు గాజు గొట్టాలు. చిటికెన వేలి కణుపంత కూడా లేవు. రెండు కొసలకూ వెండిలా మెరిసే మూతలు. గాజులోంచి చూస్తే లోపల ఆ కొస నుంచి ఈ కొసకు సన్నని పోగు.

వీరాస్వామి అటూ ఇటూ చూశాడు. వాటిని గుప్పిట్లో పట్టుకుని నూకరాజు దగ్గరికి పోయాడు. నూకరాజు వలలు అల్లే ముసలివాడు. చూపు తగ్గినా చెప్పడం తగ్గలేదు. దిష్టికీ గాలికీ లంకంతా అతన్నే అడిగేది.

నూకరాజు గొట్టాన్ని కంటికి ఆనించుకుని ఎండలోకి చూశాడు.

"లోపల వెంట్రుకరా ఇది."

"వెంట్రుకేనా బాబాయ్?"

"కాకపోతే గాజులో పెట్టి రెండు పక్కలా మూతేసే అవసరం ఎవడికిరా? మనం రాగిరేకులో చుడతాం. పట్నపోళ్ళు గాజులో పోస్తారు కాబోలు. ఎక్కడ దొరికింది?"

వీరాస్వామి తన ఇంటివైపు చూశాడు. నూకరాజు ముఖంలోకి చూసి తనే తెలుసుకున్నాడు.

"సరే. పసుపుగుడ్డలో కట్టి, వలగుండు ఒకటి కట్టి, పారే నీళ్ళలో ముంచెయ్యి. కట్టు ఊడిపోద్ది. ఆ పిల్లని మాత్రం అడక్కు. అడిగావా, బిగుసుకుంటది."

వీరాస్వామి ఖాళీ దూదిని మళ్ళీ తిత్తిలో కుక్కి ఆమె పక్కన పెట్టేశాడు. కాలవలో తన పడవ కట్టే రాట దగ్గరికి పోయి, పసుపుగుడ్డ మూటను దాని మొదట్లోనే వదిలాడు. తన రాట దగ్గరైతే కాపలా ఉన్నట్టుంటుంది కదా. నీళ్ళు ఒక బుడగ వదిలి ఊరుకున్నాయి. ఇంటికి వచ్చి భార్య ముఖంలో మార్పు కోసం చూశాడు.

"ఏంటి మావా, అలా చూస్తావు? బియ్యంలో రాళ్ళొచ్చాయా?" అందామె.

మార్పేమీ రాలేదు. మర్నాడు జీపు రాగానే ఎప్పటిలాగే ఎక్కి కూర్చుంది. నానడానికి వ్యవధి కావాలేమో అని సర్దుకున్నాడు.

అతను ఎదురుచూసింది ఇంకోలా వచ్చింది. ఆ వారంలోనే ఒకరోజు, టీకాలు వేసి లంక నుంచి తిరిగి బయల్దేరిన జీపు మెరక దిగి కొంతదూరం పోయి, పల్లంలో దగ్గి ఆగిపోయింది. సరిగ్గా నీళ్ళకాలంలో వీరాస్వామి పడవ నడిచే దారిలోనే. మెరక మీద నిలబడి చూస్తున్న వీరాస్వామికి పట్టరాని సంతోషం కలిగింది. సాగనంపడానికి వచ్చిన గంగారత్నమూ లంకవాళ్ళూ అప్పటికే అటు పరుగెడుతుంటే, ఏం జరిగిందో చూద్దామని తనూ దిగి వెళ్ళాడు.

పాపారావు జీపు ముందు మూత ఎత్తి, ఇంజను వెనక రేకుకున్న చిన్న నల్లడబ్బా తెరిచాడు. అందులో ఉన్న గాజు గొట్టాన్ని లాగి ఎండకు పట్టుకున్నాడు. గాజు లోపల నల్లగా మాడి ఉంది.

"ఫ్యూజు పోయిందండి నర్సమ్మగారూ. పెట్రోలు పంపుకి కరెంటు పోవట్లేదు. హారనుది తీసి ఇందులో వేసి చూస్తానండి."

హారనుదీ వేశాడు. తాళం తిప్పగానే అదీ టప్పున మాడింది. అప్పుడు జీపు కిందకు దూరి వెతికితే, చట్రానికి రాసుకుని రాసుకుని తొడుగు ఊడిన తీగ ఒకటి ఇనుముకు తగులుతోంది. సైకిలు ట్యూబు ముక్క కోసి దానికి గట్టిగా చుట్టి బయటకు వచ్చాడు.

"రోగం కుదిరిందండి. కొత్త ఫ్యూజు వేస్తే చాలు. గంగారత్నమ్మ గారూ, తిత్తిలోవి ఇస్తారా?"

వీరాస్వామి ఆ నల్లడబ్బా కేసి చూశాడు, తిత్తి కేసి చూశాడు.

గంగారత్నం తిత్తి విప్పింది. దూది తీసింది. విడదీసింది. వక్కలన్నీ ఒళ్ళో పోసుకుంది. తిత్తిని తిరగేసి దులిపింది.

"ఇందులోనే పెట్టానండి. దూదిలోనే పెట్టానండి," అంటూ ఉత్త దూదినే మళ్ళీ మళ్ళీ పీకుతోంది.

సత్యవాణి గారి ముఖం ఎర్రబడింది. మంచి మనిషే, కాని ఆకాశం చూస్తే భయం పట్టుకుంది. పడమట మబ్బు నల్లగా లేచింది. వాన పడితే ఆ నల్లమట్టి ముద్దయి జీపును ఇరుసుదాకా మింగుతుంది. మళ్ళీ ఎండాకాలం దాకా వదలదు.

"డబ్బాలో పెడితే కుదుపులకి పగులుతున్నాయని, జేబులో పెట్టుకుంటే కిందకి దూరినప్పుడు చిట్లుతున్నాయని, నువ్వైతే పదిలంగా ఉంచుతావని నీకిప్పించాను. సర్కారు వస్తువు పారేసుకుంటే పైవాళ్ళకి నేనేం చెప్పను? ఇంక నిన్ను వెంట తిప్పుకోవడం కుదరదు గంగారత్నం. రేపట్నించి రావద్దు."

గంగారత్నం లేచి నిలబడింది. ఒళ్ళో వక్కలు నేలమీద పడుతున్నా చూసుకోలేదు.

రేపట్నించి రావద్దు. వీరాస్వామి కోరుకున్నది అదే. నోరు మూసుకుని నిలబడితే చాలు, జీపూ పోతుంది, గారూ అనే మాటా పోతుంది, భార్య ఇంట్లో ఉంటుంది. నోరు విప్పితే లంకంతా నవ్వుతుంది. అయినా అవి జీపువే కానీ, ఆమె తిత్తిలోకి ఎందుకు రావాలి? ఇంతమంది ఉండగా ఆమెకే ఎందుకివ్వాలి? అలా అనుకుని నోరు మూసుకున్నాడు.

"సిగరెట్టు పెట్టెలో వెండికాగితం చుడితే నడుస్తదంటగా?" అన్నాడు మూగినవాళ్ళలో ఒకడు.

"నడుస్తదండి. నడిచి నడిచి తీగలన్నీ అంటుకుంటాయండి," అన్నాడు పాపారావు. "ఫ్యూజు ఉన్నదే మాడిపోవటానికండి. అది మాడితే బండి బతుకుద్ది. ముందు దీన్ని మెరకెక్కిద్దాం. వీరాస్వామి గారూ, మీ దున్నల్ని తెస్తారాండీ?"

వీరాస్వామి దున్నల్ని తెచ్చాడు. ఇంట్లో రెండు మోకులున్నాయి. ఒకటి కొత్తది, పడవకని దాచుకున్నది. రెండోది పాతది, నీళ్ళలో నాని ఎండి పోగులు లేచింది. పాతదే భుజాన వేసుకున్నాడు. ఆ జీపుకు నా పడవ మోకా అనుకున్నాడు.

ఈలోగా జనం జీపును తోసి లంక వైపు తిప్పారు. పాపారావు మోకును బంపరుకు కట్టనివ్వలేదు. కింద చట్రానికున్న కొక్కేనికే కట్టించాడు. దున్నలకూ జీపుకూ మధ్య దూరం బాగా ఉంచమన్నాడు. "జీపు ముందుకి ఉరికితే మీ దున్నల కాళ్ళు పోతాయండి." గోనెసంచి తడిపి తెప్పించి మోకు నడుమ వేలాడేశాడు. "మోకు తెగిందంటే కొరడాలాగా ఎగురుద్దండి. ఈ బరువుంటే కింద పడుద్ది." మోకు దగ్గరికి ఎవరినీ రావద్దన్నాడు. తను స్టీరింగు ముందు కూర్చుని బ్రేకు మీద కాలు పెట్టుకున్నాడు. హారను లేదు కనుక ఆగమన్నప్పుడు గట్టిగా అరిచేందుకు ఒక మనిషి కావాలి. గంగారత్నం గొంతు కొల్లేరు అవతలికి వినిపిస్తుంది.

"మీరు నా మాట అందుకుని ఆయనకి చెప్పండి గంగారత్నమ్మ గారూ," అన్నాడు.

ఇక చూడండి వీరాస్వామి అవస్థ. అతను దున్నల ముందు నడుస్తున్నాడు. వెనక్కి తిరిగితే దున్నలు ఆగుతాయి. వెనక వాళ్ళిద్దరి గొంతులు.

"నెమ్మదిగా బిగించమనండి."

"మావా, నెమ్మదిగా బిగించు!"

"ఒక్కసారి గుంజొద్దనండి."

"మావా, గుంజొద్దంట!"

తన భార్య నోటితో తనకు వాడి హుకుములు. పళ్ళు నూరుకుంటూ నడిచాడు. జీపు కదిలింది, పల్లం దాటింది, మెరక ఏటవాలు దగ్గరికి వచ్చింది. అక్కడ బరువు పెరిగి మోకు కర్రలా నిలిచింది. అప్పుడు వెనకనుంచి పాపారావు గొంతు వినబడింది.

"గంగారత్నమ్మ గారూ, అక్కడొద్దు, ఇటు రండి. నా పక్కకి రండి!"

నా పక్కకి రండి.  దున్నలు ఏమైనా కానీ అని వీరాస్వామి గిర్రున వెనక్కి తిరిగాడు. గంగారత్నం జారిన గోనెసంచిని సర్దబోయినదల్లా వదిలేసి జీపు పక్కకు పరుగెడుతోంది. ఆమె వెళ్ళిన వెంటనే మోకు తెగింది. తుపాకి పేలినట్టయింది. తెగిన కొస లేచి, తడిగోనె బరువుకు వంగి, ఆమె అంతకుముందు నిలబడిన చోట నేలను చరిచింది. మట్టి పెళ్ళలు ఎగిరాయి. జీపు వెనక్కి జారబోయి, పాపారావు బ్రేకు తొక్కితే ఆగింది. సత్యవాణి గారు చెవులు మూసుకున్నారు.

వీరాస్వామి వచ్చి మట్టిలో పడిన గాటు చూశాడు. మోకు కొస చూశాడు. కుళ్ళిన పోగులు. ఆ మోకు తెచ్చింది తనే. ఆమెను పక్కకు పిలిచింది వాడు.

"నీకేం తగల్లేదుగా?" అని అడగబోయాడు. నోట్లోంచి వచ్చింది వేరేమాట.

"అవి నేనే తీశాను."

"ఏవి?" అంది గంగారత్నం.

"గాజువి. తిత్తిలోవి. దీని తప్పేం లేదు నర్సమ్మగారూ. నేనే తీసి కాలవలో వేశాను."

"కాలవలోనా! ఎందుకయ్యా?" అన్నారు సత్యవాణి గారు.

వీరాస్వామి నేలకేసి చూశాడు. చెప్పక తప్పలేదు. "తాయెత్తులనుకున్నానండి. లోపల వెంట్రుక పెట్టి ఇచ్చాడేమో, ఇది వాడి మాట తప్ప నా మాట వినకుండా... నూకరాజు బాబాయి కూడా వెంట్రుకే అన్నాడు."

 ముందు ఒక ముసలమ్మ కిసుక్కుమంది. అంతే, లంకంతా విరగబడి నవ్వింది. పాపారావు నవ్వు ఆపుకోలేక స్టీరింగు మీద తల ఆనించాడు. గంగారత్నం మాత్రం నవ్వలేదు. వీరాస్వామి వైపు ఒక్క చూపు చూసింది. ఆ చూపు కంటే లంకంతా నవ్వడమే నయమనిపించింది అతనికి.

"వాన వస్తంది. ముందు జీపు పైకి లాగు," అంది.

వీరాస్వామి ఇంటికి పరుగెత్తి కొత్త మోకు తెచ్చాడు. ఈసారి కొక్కేనికి తనే కట్టాడు, పడవను గాలివానలో కట్టేటంత జాగ్రత్తగా. గోనెసంచి తనే తడిపి వేశాడు. "మోకు దరిదాపులకి ఎవడన్నా వచ్చాడా, కాళ్ళిరగ్గొడతాను," అని అందరినీ తరిమాడు. "మావా, నెమ్మదిగా!" అని గంగారత్నం అరిస్తే ఈసారి నెమ్మదిగానే నడిచాడు. జీపు మెరకెక్కింది. వెనక చక్రాలకు కర్రదుంగలు అడ్డం పెట్టారు.

పెట్టీ పెట్టగానే వీరాస్వామి పంచె ఎగ్గట్టి కాలవలో దిగాడు. జనం గట్టు మీద బారులు తీరారు. నీళ్ళు గుండెలదాకా ఉన్నాయి. అడుగున బురద. రాట చుట్టూ అరికాళ్ళతో తడుముకుంటూ తిరిగాడు. కాలికి నత్తగుల్ల తగిలింది, పాత కుండపెంకు తగిలింది.

"మంత్రం చదవరా, అదే తేలుద్ది!" అని అరిచాడొకడు.

"నూకరాజు బాబాయినీ దింపండి, వెంట్రుక పోల్చి చెబుతాడు!"

నూకరాజు వినబడనట్టు వల అల్లుకుంటున్నాడు.

రాట మొదట్లో బొటనవేలికి వలగుండు తగిలింది. వీరాస్వామి ఊపిరి బిగబట్టి మునిగాడు. లేచేసరికి చేతిలో పసుపుగుడ్డ మూట, దాన్నిండా బురద. తీసుకొచ్చి పాపారావుకు కాదు, గంగారత్నం చేతిలో పెట్టాడు. ఆమె విప్పి, కొంగుతో తుడిచి, వెలుగుకు పట్టుకుని లోపల పోగు తెగలేదని చూసుకుంది. రెండూ బాగానే ఉన్నాయి.

పాపారావు తాళం తీసి, బ్యాటరీ తీగ ఒకటి ఊడదీసి, డబ్బాలో మాడినదాన్ని లాగేశాడు. పట్టీలకున్న మసిని గరుకు గుడ్డతో రుద్ది, కొత్త గొట్టాన్ని రెండు పట్టీల మధ్య నొక్కాడు. టిక్కుమంది. బ్యాటరీ తీగ బిగించి తాళం తిప్పాడు. ఎక్కడో లోపల పంపు టకటకా కొట్టుకుంది. అందరూ విన్నారు. జీపు స్టార్టయింది.

సత్యవాణి గారు ముందు సీటెక్కి, వెనక్కి తిరిగి, "రేపు పొద్దున్నే సిద్ధంగా ఉండు గంగారత్నం. ఇందాక తొందరపడ్డాను," అన్నారు.

పాపారావుకు నవ్వు ఇంకా ఆగలేదు. చెమట తుడుచుకోవడానికి టోపీ తీశాడు. తల కడిగిన కుండలా మెరిసింది. ఒక్క వెంట్రుక లేదు.

"చూశావా మావా? ఇచ్చుకోటానికి ఆయన దగ్గర ఉంటేగా!" అంది గంగారత్నం. అప్పుడు నవ్వింది.

వీరాస్వామి కూడా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ మధ్యలో ఆగిపోయాడు.

"ఆయనకి బట్టతలని నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"ఎలాగ?"

"జీపు కింద దూరేటప్పుడు టోపీ నా చేతికిస్తాడుగా, మట్టవుద్దని."

వీరాస్వామి ఆలోచించాడు. "ఇకనించి నర్సమ్మగారికి ఇమ్మను," అన్నాడు.

మిగిలిన గాజు గొట్టాన్ని పాపారావు అతనికే ఇచ్చాడు. "హారను లేకపోయినా పోతానండి. ఇది మీ దగ్గరుంచండి వీరాస్వామి గారూ. మీకంటే పదిలంగా దాచేవాళ్ళు ఇంకెవరండీ?"

గారూ అన్నమాట చెవిలో పడగానే వీరాస్వామి ఛాతీ కాస్త విరుచుకున్నాడు. తొలి చినుకులు పడుతుండగా జీపు దుమ్ము వాసన రేపుకుంటూ పోయింది. ఆ సాయంత్రమే అతను గాజు గొట్టానికి నూలుతాడు చుట్టి మొలతాడుకు కట్టుకున్నాడు. అదేంటని అడిగినవాళ్ళకు తాయెత్తని చెప్పేవాడు. ఏ పాటి పని చేస్తదని అడిగితే, "నాకు ఒళ్ళు మండినప్పుడు ముందు ఇది మాడుద్ది," అనేవాడు. నిజానికి అది ఏనాడూ మాడలేదు. అతని ఒళ్ళు మాత్రం ఆ తర్వాత కూడా చాలాసార్లు మండింది. ఒకసారి కంపౌండరు మీద, ఒకసారి బడిపంతులు మీద. నీళ్ళు తిరిగొచ్చాక పడవలో నర్సమ్మను ఒక కొసన, గంగారత్నాన్ని తన తెడ్డు పక్కన కూర్చోబెట్టేవాడు. చోటెంతున్నా ఆమెను అక్కడినుంచి కదలనిచ్చేవాడు కాదు.

ఇది రాసింది గంగారత్నం. వయసు డెబ్భై రెండు. ఇప్పుడు తాడేపల్లిగూడెంలో చిన్నమ్మాయి ఇంట్లో ఉంటున్నాను.